ఒక హారం కథ: 43,20,000

1687లో పద్నాలుగో లూయీ రాయబారిగా సయాం వెళ్లిన సిమోన్ ద లా లూబేర్, తిరిగొస్తూ ఒక చిత్రమైన రాతప్రతిని వెంట తెచ్చుకున్నాడు. సూర్యచంద్రుల స్థానాలను లెక్కగట్టే సూత్రాలవి. ఎందుకు కూడాలో, ఎందుకు తీసివేయాలో అందులో ఒక్క ముక్క లేదు. ఇంతతో గుణించు, ఇంత కలుపు, ఇంతతో భాగించు, శేషం అట్టేపెట్టు. అంతే. పారిస్ వేధశాలలో పనిచేస్తున్న జొవాన్నీ దొమెనికో కాసీనీ ఆ ఆజ్ఞల వెనక దాగిన ఖగోళాన్ని ఓపికగా విప్పాడు. 1691లో లా లూబేర్ పుస్తకంతో పాటే ఆ వివరణా అచ్చయింది.

ఆ సూత్రాలకు ఆయువుపట్టు రెండు సంఖ్యలు: 800, 2,92,207. ఎనిమిది వందల ఏళ్లకు అన్ని రోజులన్నమాట. భాగిస్తే ఏడాదికి 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 36 సెకన్లు వస్తుంది. ఋతువులను బట్టి కొలిచే ఏడాది కన్నా ఇది పొడవు, నక్షత్రాలను బట్టి కొలిచే ఏడాదికి దగ్గర. రెండు సంఖ్యలనూ 5,400తో గుణిస్తే అసలు గుట్టు బయటపడుతుంది: 43,20,000 ఏళ్లు, 157,79,17,800 రోజులు. సయాం లెక్కగాళ్లు చేతిలో పట్టుకున్నది భారతీయ సిద్ధాంతుల మహాయుగాన్నే, కాకపోతే కుదించిన రూపంలో.

కృతయుగం 17,28,000, త్రేత 12,96,000, ద్వాపరం 8,64,000, కలి 4,32,000 అని పంచాంగం తెరిచిన ప్రతివాడికీ తెలుసు. నాలుగు, మూడు, రెండు, ఒకటి పాళ్లలో పేర్చిన ఈ నాలుగింటి మొత్తమే మహాయుగం. పురాణాలు దీన్ని పన్నెండు వేల దివ్య సంవత్సరాలుగా చెప్పి, ఒక్కో దివ్య సంవత్సరానికి 360 మానవ సంవత్సరాలు కడతాయి. అంత పెద్ద సంఖ్యను చూసి కొందరు చేతులు జోడిస్తారు, కొందరు నవ్వుతారు. ఇద్దరూ దాన్ని గడిచిన కాలంగానే చూస్తారు. గణకుడికి మాత్రం అది ముందు ఒక హారం. భిన్నం కింద రాసే సంఖ్య. గ్రహాల వేగాలన్నిటినీ దశాంశాలు, భిన్నాలు లేకుండా పూర్ణాంకాల్లో రాసుకోవడానికి కుదిరిన ఉమ్మడి హారం.

హారానికి కావలసిన లక్షణాలు దీనికి పుష్కలంగా ఉన్నాయి. కారణాంకాలుగా విడగొడితే ఎనిమిది రెండ్లు, మూడు మూడ్లు, నాలుగు అయిదులు వస్తాయి. ఇంకేమీ ఉండవు. దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు మొత్తం 180. ఏడు, పదకొండు, పదమూడు మాత్రం దీని దగ్గర చెల్లవు. ఇందులో పదో వంతైన 4,32,000 అంటే అరవై గుణించు అరవై గుణించు అరవైకి సరిగ్గా రెట్టింపు. బాబిలోను పూజారి బెరోసస్ జలప్రళయానికి ముందు రాజ్యమేలిన పదిమంది రాజులకు కలిపి కట్టిన కాలమూ 4,32,000 ఏళ్లే. ఈ పోలిక మీద పండితులు చాలా కాగితం ఖర్చుపెట్టారు. అరవైతో లెక్కపెట్టే అలవాటున్న చోట ఇలాంటి సంఖ్య పుట్టడంలో వింతేమీ లేదు, ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందన్న తగువు వేరే.

యుగాలు మొదటి నుంచీ ఇంత పెద్దవి కావు. వేదాంగ జ్యోతిషంలో యుగం అయిదేళ్లే: 1,830 రోజులు, 62 చాంద్రమాసాలు. నెలల లెక్క ఫరవాలేదు గానీ ఏడాదికి 366 రోజులు పడటంతో అయిదేళ్లు తిరిగేసరికి దాదాపు నాలుగు రోజులు తేడా కొట్టేది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు తన కాలానికి వాడుకలో ఉన్న అయిదు సిద్ధాంతాలను పంచసిద్ధాంతికలో పోగుచేశాడు. అందులో రోమక సిద్ధాంతం యుగం 2,850 ఏళ్లు, వాటిలో 1,050 అధికమాసాలు. పంతొమ్మిదేళ్లకు ఏడు అధికమాసాలన్న గ్రీకు లెక్కను నూట యాభైతో హెచ్చవేస్తే వచ్చేది సరిగ్గా ఇదే. అదే గ్రంథంలోని పాత సూర్యసిద్ధాంతం యుగం 1,80,000 ఏళ్లు, అధికమాసాలు 66,389. ఈ రెంటినీ ఇరవై నాలుగుతో గుణిస్తే 43,20,000 ఏళ్లు, 15,93,336 అధికమాసాలు. మహాయుగం చేతికొచ్చేసింది.

1,80,000తో సరిపెట్టుకోక ఇరవై నాలుగు రెట్లు ఎందుకు పెంచాలి? సూర్యచంద్రులకైతే చిన్న యుగం చాలు. శని, గురుడు, కుజుడు, చంద్రుని మందోచ్చ (భూమికి అతి దూరమయ్యే బిందువు), రాహువు అందరూ ఒకే హారం కింద ఇమడాలంటేనే చిక్కు. ఆ చిక్కును విప్పిన తీరు ఆర్యభటీయంలో చూడాలి.

క్రీ.శ. 499 నాటి లెక్కలతో కూర్చిన ఆ గ్రంథం మొదట్లోనే ఒక మహాయుగంలో ఎవరు ఎన్ని చుట్లు తిరుగుతారో ఆర్యభట చెప్పేశాడు. వీటినే భగణాలంటారు. సూర్యుడివి 43,20,000, చంద్రుడివి 5,77,53,336, శనివి 1,46,564, గురుడివి 3,64,224, కుజుడివి 22,96,824. శ్లోకంలో ఇమిడేందుకు అక్షరాలకు విలువలిచ్చాడు. సూర్యుని భగణాలు ‘ఖ్యుఘృ’ అన్న రెండక్షరాల్లో సరిపోతాయి: ఖ అంటే 2, య అంటే 30, వాటికి తగిలిన ఉకారం పది వేలు, ఘ అంటే 4, దాని ఋకారం పది లక్షలు. రెండు పది వేలు, ముప్పై పది వేలు, నాలుగు పది లక్షలు. కూడి చూసుకోవచ్చు.

అందరినీ మించి సాహసం భూమి విషయంలో చేశాడు. నక్షత్రాలు తిరుగుతున్నాయనకుండా భూమే తిరుగుతోందని, యుగానికి 158,22,37,500 భ్రమణాలని రాశాడు. అందులోంచి సూర్యుని చుట్లు 43,20,000 తీసేస్తే మిగిలేవి సావన దినాలు, అంటే మనం సూర్యోదయాలతో లెక్కపెట్టే రోజులు: 157,79,17,500. ఈ రెండు సంఖ్యల నిష్పత్తిని బట్టి భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు. నేటి కొలతా అంతే. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరిగే కాలం 27.32167 రోజులు, నేటి విలువకు ఒక సెకను లోపే తేడా. ఆ రోజుల్లో గడియారం అంటే అడుగున చిల్లుపెట్టి నీళ్లలో వదిలిన రాగి గిన్నె. సెకను భాగాలు ఆ గిన్నె వల్ల వచ్చినవి కావు, వందల ఏళ్ల గ్రహణాలను, నెలలను లెక్కపెట్టి భాగహారం చేస్తే వచ్చినవి.

ఇక సంఖ్యల అమరిక. ఆర్యభట యుగాన్ని పురాణాల్లాగా నాలుగు, మూడు, రెండు, ఒకటి పాళ్లలో కోయలేదు, 10,80,000 ఏళ్ల చొప్పున నాలుగు సమానపాదాలు చేశాడు. యుగం మొదట్లో గ్రహాలన్నీ మేషాదిలో కలిసి బయల్దేరాయనుకుంటే, ప్రతి పాదం మొదట్లోనూ మళ్లీ అక్కడే కలవాలంటే ఏం కావాలి? భగణ సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. శని 1,46,564, గురుడు 3,64,224, కుజుడు 22,96,824, చంద్రుడు 5,77,53,336. చివరి రెండంకెలు చూస్తే చాలు, అన్నీ నాలుగుతో పోతాయి. బుధ శుక్రుల సంఖ్యలూ అంతే. పోనివి రెండే. చంద్రుని మందోచ్చ 4,88,219, నాలుగుతో భాగిస్తే శేషం మూడు. రాహువు 2,32,226, శేషం రెండు. కాబట్టి మూడు పాదాలు గడిచి కలి మొదలయ్యేసరికి మందోచ్చ పావు చుట్టు, అంటే 90 డిగ్రీల దగ్గర, రాహువు అర చుట్టు, అంటే 180 డిగ్రీల దగ్గర ఉంటారు. కలి ఆరంభంలో గ్రహాలన్నీ ఒకచోట కూడాయన్న ప్రసిద్ధ కథకు ఆధారం ఎవరో చూసి రాసిపెట్టుకున్న ఆకాశం కాదు, నాలుగో ఎక్కం.

తర్వాతి మెలిక ఇంకా సొగసు. తనకు ఇరవై మూడేళ్ల నాటికి కలి పుట్టి అరవై అరవైల ఏళ్లు గడిచాయని ఆర్యభట చెప్పుకున్నాడు. 3,600 ఏళ్లు అంటే మహాయుగంలో 1,200వ వంతు. కాబట్టి ఆనాటి గ్రహస్థానం తెలుసుకోవడానికి దాని భగణాలను 1,200తో భాగించి శేషం చూస్తే సరి. శని 1,46,564ను భాగిస్తే 122 పూర్తి చుట్లు పోను మిగిలేది 49 డిగ్రీల 12 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ). భగణ సంఖ్యలో ఒకటి పెంచితే 499 నాటి స్థానం 18 కళలు జరుగుతుంది. నాలుగేసి చొప్పున మాత్రమే పెంచాలన్న నియమం ఉంది కనుక ఒక్కో అడుగుకు ఒక డిగ్రీ 12 కళలు. అంటే ఆకాశంలో కనబడిన శనిని మహా అయితే 36 కళల తేడాతో పట్టుకునేలా నాలుగుతో పోయే సంఖ్య ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది. ఆదిలో అందరూ కలవాలన్న నమ్మకాన్నీ, ఇవాళ కళ్లకు కనిపిస్తున్న ఆకాశాన్నీ ఒకేసారి తృప్తిపరచగల హారం ఇది. యుగం చిన్నదైతే ఆ అడుగులు మరీ పెద్దవై లెక్క కుదరదు.

వారాలు కూడా కుదిరాయి. యుగం బుధవారం సూర్యోదయంతో మొదలైందని ఆర్యభట అంటాడు. మూడు పాదాలకు రోజులు 118,34,38,125. ఏడుతో భాగిస్తే శేషం రెండు. బుధవారం నుంచి రెండు రోజులు లెక్కపెడితే శుక్రవారం. కలి మొదలైంది శుక్రవారమే, క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18న. అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టడాన్నే అహర్గణం అంటారు. 2000 జనవరి 1 నాటికి కలి పుట్టి 18,63,079 రోజులు. ఏడుతో భాగిస్తే మిగిలేది ఒకటి, శుక్రవారం తర్వాత ఒకటి, శనివారం. ఆ రోజు శనివారమే.

నూట ముప్పై ఏళ్ల తర్వాత, 629లో, మొదటి భాస్కరుడు ఆర్యభటీయానికి వ్యాఖ్య రాస్తూ ఈ కొండంత సంఖ్యలను శిష్యుల అరచేతికి సరిపోయేలా తగ్గించాడు. 43,20,000కూ 157,79,17,500కూ గసాభా 7,500. కొట్టివేస్తే 576 ఏళ్లకు 2,10,389 రోజులు. ఆ తర్వాత కుట్టకం లెక్కలు: సూర్యుడు ఫలానా చోట ఉన్నాడు, కలి పుట్టి ఎన్ని రోజులైందో చెప్పు. శేషం ఇచ్చి మొత్తాన్ని రాబట్టమనే ఈ ప్రశ్నలే భారతీయ బీజగణితానికి ఒక పెద్ద ఊతం. భాస్కరుడు ఆర్యభటను ఆశ్మకుడని కూడా పిలుస్తాడు. అశ్మకం గోదావరి తీరపు జనపదం, దాని రాజధాని పోదన నేటి నిజామాబాద్ జిల్లా బోధనేనని పలువురు చరిత్రకారుల గుర్తింపు.

అందరికీ ఈ అమరిక నచ్చలేదు. 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రాసిన బ్రహ్మగుప్తుడు, స్మృతులు చెప్పిన పాళ్లను కాదని యుగాన్ని సమానంగా కోయడానికి ఆర్యభట ఎవరని నిలదీశాడు. తాను మాత్రం హారాన్ని వెయ్యి రెట్లు చేసి 432 కోట్ల ఏళ్ల కల్పం పట్టుకున్నాడు. శాస్త్రాభిమానం ఎంత ఉన్నా అందులో లెక్కగాడి అవసరమూ ఉంది: గ్రహాల మందోచ్చలు, పాతలు అతి నిదానంగా కదులుతాయి, వాటికీ పూర్ణాంకాలు దొరకాలంటే హారం ఇంకా పెద్దది కావాలి.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ సంఖ్యలు యూరప్‌లో గొడవ లేపాయి. దక్షిణాది నుంచి క్రైస్తవ మిషనరీలు పంపినవి, తిరువారూరు వైపు నుంచి లె జాంతీ తీసుకెళ్లినవి, నర్సాపురం, కృష్ణాపురం పేర్లతో చేరినవి, ఇలా నాలుగైదు పట్టికలు పారిస్‌లో పోగయ్యాయి. వాటిని ముందేసుకుని జాన్ సిల్వాన్ బాయీ 1787లో ఒక గ్రంథమే రాశాడు. క్రీ.పూ. 3102లో భారతీయులు నిజంగానే ఆకాశాన్ని కొలిచారని ఆయన వాదన. ఫ్రెంచి విప్లవంలో పారిస్‌కు మొదటి మేయరై, 1793లో గిలటిన్ కింద తల పోగొట్టుకున్నది ఈ బాయీయే. లాప్లాస్ ఒప్పుకోలేదు. ఆ రోజు గ్రహాలు అలా కూడలేదని, లెక్కలకు ఉమ్మడి మొదలు కావాలని తర్వాతివాళ్లు వెనక్కి కట్టిన తేదీ అదని తేల్చాడు. నేటి లెక్కల ప్రకారమూ ఆ రోజు గ్రహాలు పదుల డిగ్రీల మేర చెదిరి ఉన్నాయి.

అలాగైతే అసలు కొలత ఎప్పటిది? సిద్ధాంతం చెప్పే స్థానాలకూ నిజమైన స్థానాలకూ తేడా ఏ కాలంలో అన్నిటికన్నా తక్కువో చూడమన్నాడు జాన్ బెంట్లీ, 1799లో. అలా లెక్కేసి సూర్యసిద్ధాంతాన్ని పదకొండో శతాబ్దానికి దించి చాలామంది కోపానికి గురయ్యాడు. అదే ఆలోచనను గణాంకశాస్త్రం తోడుతో 1971లో రోజే బిల్లార్ మళ్లీ చేపట్టాడు. ఆర్యభట సంఖ్యల తప్పులన్నీ క్రీ.శ. 510 ప్రాంతంలో సున్నా దగ్గర కూడుకుంటాయని చూపించాడు. గ్రీకు పట్టికల నుంచి తెచ్చుకున్న విలువలేనన్న డేవిడ్ పింగ్రీ మాత్రం చివరిదాకా మెత్తబడలేదు. పైన చెప్పిన నాలుగేసి అడుగుల నియమాన్ని పక్కన పెట్టుకుని చూస్తే బిల్లార్ వైపే మొగ్గు కనిపిస్తుంది. ఆదిలో కలయికను సంఖ్యల్లోనే బిగించేసినవాడికి సర్దుకోవడానికి మిగిలిన చోటు తన కాలమొక్కటే.

తెలుగునాట స్థిరపడింది ఆర్యభట కాదు, సూర్యసిద్ధాంతం. 1178లో దానికి సంస్కృత వ్యాఖ్య రాసిన మల్లికార్జున సూరి అంతకు ముందే తెలుగులోనూ ఒక వ్యాఖ్య రాశాడు. 1599లో తమ్మయజ్వ కామదోగ్ధ్రి వచ్చింది. 1825లో మద్రాసులో అచ్చయిన జాన్ వారెన్ కాలసంకలిత, తమిళుల సౌరగణనతో పాటు తెలుగువారి చాంద్రమాన గణననూ ఇంగ్లీషువాళ్లకు విడమర్చి చెప్పింది.

ఈ సూర్యసిద్ధాంతంలో యుగానికి రోజులు 157,79,17,828. ఆర్యభట కన్నా 328 ఎక్కువ. నలభై మూడు లక్షల ఏళ్లలో 328 రోజులంటే ఏడాదికి ఆరున్నర సెకన్లు. పాతికేళ్లు పంచాంగం గుణించినవాడికి కూడా ఆ తేడా కంటబడదు.

కంటబడేవి వేరే ఉన్నాయి. చంద్రుని భగణాల్లోంచి సూర్యునివి తీసేస్తే యుగంలో చాంద్రమాసాలు 5,34,33,336. సౌరమాసాలు 5,18,40,000. మిగులు 15,93,336, ఇవే అధికమాసాలు. యుగాన్ని దీనితో భాగిస్తే సుమారు ముప్పై రెండున్నర నెలలకొకటి. 2020లో మహాలయ అమావాస్య సెప్టెంబరు 17న అయిపోతే, దేవీ నవరాత్రులు అక్టోబరు 17 దాకా మొదలు కాలేదు. మధ్యలో అధిక ఆశ్వయుజం దూరింది. బతుకమ్మ ఎప్పుడు పెట్టాలని తెలంగాణ ఇళ్లలో ఆ ఏడు నడిచిన చర్చంతా ఈ మిగులు చలవే. 2023లో అధిక శ్రావణంతో వరలక్ష్మీ వ్రతానికీ అదే తంటా.

గురుడి సంఖ్య ఇంకో తమాషా చేస్తుంది. 43,20,000ను 3,64,224తో భాగిస్తే 11.86 ఏళ్లు. పన్నెండేళ్లకోసారి పుష్కరాలనడం చేతికందిన మాట మాత్రమే. ఏడు చుట్లకు 84 ఏళ్లు కాదు, 83 ఏళ్లే పడతాయి. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2022 దాకా ఆగకుండా 2021లోనే వచ్చింది అందుకే. ప్రభవ, విభవ అంటూ సాగే అరవై ఏళ్ల పేర్లు గురుడు ఒక్కో రాశి దాటే కాలానికి పెట్టినవి. యుగంలో అవి 43,70,688, సౌరవర్షాలకన్నా 50,688 ఎక్కువ. అంటే సుమారు 85 ఏళ్లకోసారి ఒక పేరు దాటవేయాలి. ఉత్తరాదివాళ్లు దాటవేస్తూనే ఉన్నారు. దక్షిణాదిన వెయ్యేళ్లకు పైగా ఆ పని మానేశాం. అందుకే 2025 ఉగాదికి మనకు విశ్వావసు మొదలయ్యేసరికి ఉత్తరాది పంచాంగాల్లోని పేరు మనకన్నా డజనుకు పైగా ముందుంది. ఎవరి లెక్క ఒప్పని అడిగితే, గురుడి వైపు నుంచి చూస్తే వాళ్లది, సూర్యుడి వైపు నుంచి చూస్తే మనది.

ఈ హారం సరిదిద్దలేకపోయింది ఒక్కటే: ఏడాది పొడవు. సూర్యసిద్ధాంతం ఏడాది నేటి నక్షత్ర సంవత్సరం కన్నా మూడున్నర నిమిషాలు, ఋతువుల సంవత్సరం కన్నా దాదాపు ఇరవై నాలుగు నిమిషాలు ఎక్కువ. అరవై ఏళ్లకు ఒక రోజు జరుగుతుంది. ఆర్యభట నాడు మేష సంక్రమణం వసంత విషువం పక్కనే ఉండేది, ఇప్పుడు ఏప్రిల్ 14కు చేరింది. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి నాడు, 1863 జనవరి 12న. ఇప్పుడు సంక్రాంతి జనవరి 14నో 15నో. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడ్డ క్యాలెండర్ సంస్కరణ సంఘం ఋతువులకు కట్టుబడ్డ ఏడాదిని సిఫార్సు చేసింది, 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. గెజిట్లు పాటించాయి. పండుగలు చేసుకునేవాళ్లు పాటించలేదు. ఆకాశంతో సరిచూసుకునే దృక్సిద్ధమా, పాత సూత్రాల పూర్వపద్ధతా అన్న తగువే పంచాంగకర్తల మధ్య ఇంకా తెగలేదు.

2025 ఉగాదికి గత కలి 5,126 ఏళ్లు, శేష కలి 4,26,874 ఏళ్లు. ఏడాదుల పొడవులు రెండూ ఇవాళ్టిలాగే ఉండి, సూర్యసిద్ధాంతం లెక్కనే చివరిదాకా పట్టుకుపోతే, ఆ మిగిలిన కాలంలో మకర సంక్రాంతి ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నిటినీ చుట్టి పంతొమ్మిది సార్లకు పైగా తిరిగొస్తుంది.